కొండ దిగుడులో పెట్రోలు పొదుపు

కొండ ఎక్కేటప్పుడు పోసిన పెట్రోలును దిగేటప్పుడు కొంతైనా రాబట్టుకోవాలని కారున్న ప్రతివానికీ ఆశ ఉంటుంది. లీటరు పెట్రోలు నూరు రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ కాలంలో ఆ ఆశను తప్పుపట్టడానికి వీలులేదు. అందులోనూ మన కుటుంబాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాతల ముత్తాతల నాడు ఈ ప్రాంతాలకు వచ్చి, నల్లరేగడి దున్నినవారు దున్ని, మగ్గం నేసినవారు నేసి, కాసుకు కాసు కూడబెట్టి నిలదొక్కుకున్నవారము. పొదుపు మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

అయితే కొండ దిగుడులో మనవారు చేసే పొదుపు ఎటువంటిది? దిగుడు మొదలు కాగానే గేరు తీసి న్యూట్రల్లో పడవేస్తారు. “బండి తనంతట తానే జారిపోతుంటే ఇంజనుతో పని ఏమిటి?” అంటారు. ఇంకా తెగువ గలవారు తాళం తిప్పి ఇంజనునే ఆపివేస్తారు. అట్లా ఊటీనుండి మేట్టుపాళయం దాకా చుక్క పెట్రోలు లేకుండా దిగామని పదిమందిలో చెప్పుకొనేవారిని మనం చూస్తూనే ఉన్నాము.

ఇందులో నిజంగా పొదుపు ఎంత, ఆ పొదుపుకు మనం చెల్లించే వెల ఎంత అన్నదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం. మేము మోటారు మెకానిక్కులము కాము. ఆఫీసులో లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలము. కనుక జమాఖర్చుల పద్ధతిలోనే ఈ సంగతి చూద్దాము.

ఎడ్లబండిని తలచుకోండి

మోటారు సంగతి చెప్పేముందు ఎడ్లబండి మాట ఒకటి చెప్పాలి. మన పెద్దలు బండి కట్టి ఎన్నో మిట్టలు ఎక్కారు, ఎన్నో పల్లాలు దిగారు. బరువు బండి పల్లంలోకి దిగేటప్పుడు ఎద్దులు కాళ్ళు ఆనించి, మెడలు వెనక్కు అదిమి బండిని పట్టి నిలుపుతాయి. అప్పుడు అవి లాగడం లేదు, ఆపుతున్నాయి. పల్లం వచ్చింది గదా, ఎద్దులకు విశ్రాంతి ఇద్దామని కాడి విప్పి బండిని ఒంటరిగా వదిలిన రైతు ఎవడైనా ఉన్నాడా? అట్లా వదిలితే బండి ఎక్కడ తేలేదో పసిపిల్లవానికైనా తెలుసు.

కారులో గేరు వేసి ఉన్నంతసేపు ఇంజను, చక్రాలు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. ఎక్కేటప్పుడు ఇంజను చక్రాలను తిప్పుతుంది. దిగేటప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అట్లా తిరగడానికి ఇంజను ఎదురుతిరుగుతుంది, బండిని వెనక్కు పట్టుకొంటుంది. న్యూట్రల్లో వేయడమంటే కాడి విప్పడమే. క్లచ్చి తొక్కి పట్టుకొన్నా అంతే.

నీలగిరి కొండ రైలు చూసినవారికి ఈ సంగతి మరింత బాగా బోధపడుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చిన ఆ రైలులో, పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే ఏటవాలుమీద, పండ్ల పట్టా మీదుగా బండి నడుస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను పెట్టెల వెనుక నిలిచి నెడుతుంది. దిగేటప్పుడు అదే ఇంజను పెట్టెల ముందు, పల్లంవైపున నిలిచి ఆపుతుంది. ఎక్కినా దిగినా ఇంజను పల్లంవైపే. కొండలమీద బండి నడపడమంటే ఎక్కడమే కాదు, దిగడం కూడా అని ఆ కట్టినవారికి తెలుసు.

వెనుకటి బండి వేరు, ఇప్పటి బండి వేరు

మరి న్యూట్రల్లో వేయడమనే అలవాటు ఊరికే పుట్టిందా? లేదు. దానికి ఒకనాడు కారణం ఉండేది. అది చెప్పకపోతే పాత డ్రైవర్లకు అన్యాయం చేసినవారమవుతాము.

అంబాసిడరు, ఫియట్టు, మొదటి రోజుల మారుతి 800 — వీటన్నిటిలో ఇంజనుకు పెట్రోలు అందించేది కార్బురేటరు. ఇంజను లోపలికి గాలి పీల్చుకొనేటప్పుడు ఆ పీల్పుకు పెట్రోలు కూడా కలిసి వచ్చేది. దిగుడులో గేరు వేసి, యాక్సిలరేటరుమీద కాలు తీసినా, చక్రాలు ఇంజనును వడిగా తిప్పుతూనే ఉంటాయి గనుక ఆ పీల్పు ఆగదు; చిన్న దారిలోంచి పెట్రోలు వస్తూనే ఉంటుంది. ఇంజను ఎంత వడిగా తిరిగితే అంత ఎక్కువ పీల్చేది. న్యూట్రల్లో వేస్తే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది గనుక తక్కువ పీల్చేది. అందుచేత, పొదుపు మాటకు వస్తే, ఆ రోజుల డ్రైవరు లెక్క తప్పు కాదు. ప్రమాదం మాత్రం అప్పుడూ ఉన్నదే.

2000 సంవత్సరం ప్రాంతంలో పొగ నియమాలు గట్టిపడిన తరువాత మన కార్లలో కార్బురేటర్లు పోయి, ఇంజెక్టర్లు వచ్చినవి. ఇప్పుడు పెట్రోలు పీల్పుకు రాదు. చిన్న కంప్యూటరు లెక్కకట్టి, ఎంత కావాలో అంతే సూదివంటి రంధ్రంలోంచి చిమ్ముతుంది. గేరులో బండి దిగుతూ ఉండి, యాక్సిలరేటరుమీద కాలు పూర్తిగా తీసివేస్తే, “చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి, పెట్రోలు అక్కరలేదు” అని ఆ కంప్యూటరు గ్రహించి పెట్రోలును పూర్తిగా కట్టివేస్తుంది. చుక్క కూడా పోదు. ఇంజను నిమిషానికి సుమారు వెయ్యి చుట్లకు దిగివచ్చేదాకా ఇట్లాగే ఉంటుంది; ఆ తరువాత ఇంజను ఆగిపోకుండా మళ్ళీ పోయడం మొదలుపెడుతుంది. ఇప్పటి డీజిలు కార్లలోనూ ఇదే పద్ధతి. 2020లో కొత్త పొగ నియమాలు వచ్చిన తరువాత మోటారు సైకిళ్ళలో కూడా ఇంజెక్టర్లే సర్వసాధారణమైనవి.

అదే న్యూట్రల్లో వేస్తే? చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోయింది. ఇక ఇంజను తన్ను తానే తిప్పుకోవాలి. అందుకు పెట్రోలు కావాలి. చిన్న కారు ఇంజను ఊరకే తిరగడానికి గంటకు సుమారు అర లీటరునుండి ముప్పాతిక లీటరు దాకా పడుతుంది.

తిరిగి ఎడ్లబండి మాటలోనే చెప్పాలంటే, కాడికి కట్టిన ఎద్దు మేత అడగకుండా బండిని పట్టుకొని దిగుతున్నది. కాడి విప్పిన ఎద్దు పని చేయకపోగా, గట్టున నిలబడి గడ్డి నములుతున్నది. పొదుపు చేశామనుకొన్నవాడు నిజానికి ఖర్చు పెడుతున్నాడు.

ఒక చిన్న పరీక్ష

మా బంధువులలో ఒక పెద్దాయన ముప్పై ఏండ్లకు పైగా ఈ ఊటీ రోడ్డుమీద అంబాసిడరు టాక్సీ నడిపినవాడు. చేయి తిరిగినవాడు, ఒక్క గీటు పడకుండా బండిని ఇంటికి చేర్చినవాడు. ఆయనకు న్యూట్రలుమీద గొప్ప నమ్మకం. ఒక పెండ్లినుండి తిరిగివస్తూ మేమంతా మా మేనల్లుడి కారులో దిగుతున్నాము. మేనల్లుడు రెండవ గేరులో దింపుతున్నాడు. ఇంజను గట్టిగా మోగుతున్నది. పెద్దాయన ఓపిక పట్టలేకపోయాడు.

“ఏమిరా అబ్బాయి, ఇంజను అట్లా అరుస్తుంటే నీ చెవికి వినబడటం లేదా? పెట్రోలు నీళ్ళవలె పోతున్నది. న్యూట్రల్లో వెయ్యి.”

“అరుస్తున్నది గాని తాగడం లేదు తాతా. ఇదిగో, ఈ అంకె చూడు.”

ఇప్పటి కార్లలో చాలావాటికి ముందు పలకమీద ఆ క్షణాన లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదో చూపే అంకె ఒకటి ఉంటుంది. కాలు తీసి గేరులో దిగుతున్నంతసేపు ఆ అంకె పైకొసకు పోయి అక్కడే నిలిచిపోయింది. అంతకుమించి చూపడానికి దానికి చోటు లేదు. కొండ దిగి, కల్లారు దాటి, పోకతోటల మధ్య రోడ్డు తిన్నగా, కొద్దిపాటి వాలుతో, ముందూ వెనుకా బండి లేకుండా దొరికినచోట, మేనల్లుడు ముప్పై కిలోమీటర్ల వేగంలో ఒక్క నిమిషంపాటు న్యూట్రల్లో వేసి చూపించాడు. అంకె దిగివచ్చి నలభై చిల్లర దగ్గర నిలిచింది.

పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “నా బండికి నేను చెప్పింది నిజమే. నీ బండికి నీవు చెప్పింది నిజం,” అన్నాడు. ఇంతకంటె న్యాయమైన తీర్పు మరొకటి ఉండబోదు.

ఆ నలభై చిల్లర ఎట్లా వచ్చిందో లెక్క చూడండి. గంటకు ముప్పై కిలోమీటర్లు పోతున్న బండి, గంటకు ముప్పాతిక లీటరుకు కొంచెం తక్కువ తాగుతుంటే, లీటరుకు నలభై మూడు కిలోమీటర్లో అంతకు కాస్త అటూ ఇటూనో వస్తుంది. నలభై మూడంటే బాగానే ఉన్నదే అనిపిస్తుంది. కాని గేరులో అదే దిగుడుకు ఖర్చు సున్న. సున్నతో పోల్చితే ఏ ఖర్చయినా ఎక్కువే గదా!

దిగుడు పద్దు

ఇక పద్దు వ్రాద్దాము. మేట్టుపాళయం సముద్రమట్టానికి సుమారు 325 మీటర్ల ఎత్తున ఉన్నది. ఊటీ సుమారు 2,240 మీటర్లు. తేడా 1,900 మీటర్లకు పైన. కూనూరు మీదుగా దారి సుమారు యాభై కిలోమీటర్లు. మనుషులు, సామాను కలిపి 1,200 కిలోల బరువున్న చిన్న కారు అనుకొందాము.

అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి, లీటరు పెట్రోలులో ఉన్న వేడిలో సుమారు మూడింట రెండువంతులు. కాని ఇంజను పెట్రోలు వేడిలో పావువంతునే పనిగా మార్చగలదు; మిగిలినది రేడియేటరుకు, పొగగొట్టానికి పోతుంది. కాబట్టి కేవలం ఎత్తు ఎక్కడానికే రెండున్నర లీటర్లకు మించి ఖర్చు. టైర్ల రాపిడికి, గాలికి అయ్యేది వేరు.

ఎక్కినప్పుడు కొండమీద దాచిన ఆ శక్తి దిగేటప్పుడు తిరిగి వస్తుంది. పెట్రోలుగా రాదు, వేగంగా వస్తుంది. ఆ వేగాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి. అందులో మూడోవంతుకు కాస్త పైగా టైర్ల రాపిడి, గాలి కలిసి తింటాయి. మిగిలినది ఇంజనైనా పట్టాలి, బ్రేకులైనా పట్టాలి. మూడవవారు లేరు.

న్యూట్రల్లో దింపితే ఇంజను తప్పుకొన్నట్లే గనుక మొత్తం భారం బ్రేకులమీద పడుతుంది. అది ఎంత వేడి అంటే, గృహిణులకు తెలిసే లెక్కలో చెబుతాము: బావినుండి తోడిన నీళ్ళు దాదాపు యాభై లీటర్లు కాగి మరగడానికి చాలినంత వేడి. ఇంటిల్లిపాది స్నానాలకు పెద్ద కాగుతో కాచినట్లు! ఆ వేడినంతా అరచేయి వెడల్పు బ్రేకు రేకులు నాలుగు చక్రాల దగ్గర మోయాలి.

ఇప్పుడు జమ చూడండి. దిగడానికి గంటన్నర పట్టిందనుకొన్నా, న్యూట్రల్లో ఇంజను ముప్పాతికనుండి ఒక లీటరు దాకా తాగుతుంది. ఇంజను పూర్తిగా ఆపివేసినవాడు ఆ లీటరును మిగుల్చుకొన్నాడని అనవచ్చును. కాని గేరులో దింపినవానికి కూడా, దిగుడు ఉన్నంత మేర ఆ లీటరు మిగిలిందే! ఏటవాలు తగ్గి బండి మందగించినచోట్ల మాత్రం కొంచెం కాలు వేయవలసి ఉంటుంది. అంటే ఇంజను ఆపి ప్రాణాలు పణంగా పెట్టినవానికి, గేరులో క్షేమంగా దిగినవానికి మధ్య తేడా కాఫీ గ్లాసులతో కొలవవలసిందే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. బ్రేకు రేకులు త్వరగా అరిగిపోయే ఖర్చును ఇందులో మేము ఇంకా కలపనే లేదు.

కొండ రోడ్డు కాని చోట, చిన్న చిన్న వాలుల్లో న్యూట్రల్లో వేస్తే గేరులో కంటె బండి కొంత ఎక్కువ దూరం జారుతుందన్న మాట నిజమే. అక్కడకూడా దొరికేది చెంచాల లెక్క. అటువంటి వాలులో పై గేరు వేసి, యాక్సిలరేటరుమీద కాలును పూవు మోపినట్లు మోపి పోనిస్తే దాదాపు అంత పొదుపూ వస్తుంది. బండి చేతిలోనూ ఉంటుంది.

బ్రేకు చేయి ఇచ్చేది ఎప్పుడు?

బ్రేకు ఒక్కసారిగా పోదు. ముందు చెప్పే పోతుంది. మనం వినము. అదేపనిగా తొక్కి పట్టుకొన్న బ్రేకు కొన్ని వందల డిగ్రీలకు కాగుతుంది. మొదట మాడువాసన వస్తుంది. తరువాత తొక్కిన కొద్దీ పట్టు తగ్గుతుంది. ఇది ఒక విధమైన పోవడం.

రెండవది ఇంకా మోసకారి. మన కాలి తొక్కుడును చక్రందాకా చేరవేసేది బ్రేకు నూనె. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీలదాకా మరగకుండా నిలవాలి. తేమ పట్టిన తరువాత 140కే మరిగిపోవచ్చును. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. నూనె మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పడతాయి. నూనెను నొక్కితే కదలదు, ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. అంతే, పెడలు మెత్తగా అడుగుకంటా దిగిపోతుంది. బండి మాత్రం ఆగదు. అందుకే రెండేండ్లకొకసారి బ్రేకు నూనె మార్పించమంటారు. ఊళ్ళో తిరిగినంతకాలం పాత నూనె తన గుణం బయటపెట్టదు, కొండమీదనే బయటపెడుతుంది.

ఇంజను ఆపివేస్తే మరొక చిక్కు. పెడలు తేలికగా దిగడానికి ఇంజను పీల్పు సాయంచేస్తుంది. ఇంజను ఆగిన తరువాత రెండు మూడు తొక్కుళ్ళకు చాలినంత సాయమే నిలవ ఉంటుంది. తరువాత పెడలు రాయివలె గట్టిపడుతుంది. స్టీరింగుకు ఉండే సాయమూ పోతుంది. తాళం చెవి పొరపాటున వెనక్కు తీస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చును. హెయిర్‌పిన్ మలుపులో ఇవన్నీ ఒక్క క్షణంలో కలిసివస్తే డ్రైవరు ఎంత నేర్పరి అయితే ఏమి?

లారీలకు, బస్సులకు గాలి బ్రేకులు. ఆ గాలి నింపేది ఇంజనే. ఇంజను ఆపి దిగుతూ బ్రేకు తొక్కిన ప్రతిసారీ నిలవ ఉన్న గాలి తరిగిపోతూ ఉంటుంది. బరువు బండ్లకు ఉండే పొగ బ్రేకు కూడా గేరులో ఉంటేనే పనిచేస్తుంది.

మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులకు పూణె నవలే వంతెన సంగతి గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరు 20వ తేదీన కాత్రజ్ వైపు దిగుడులోంచి వచ్చిన ఒక భారీ ట్రక్కు అక్కడ పదులకొద్దీ బండ్లను గుద్దివేసింది. ఇంధనం మిగుల్చుకోవాలని డ్రైవరు దిగుడులో బండిని న్యూట్రల్లో వదలినట్లు మొదటి విచారణలో తేలిందని అప్పటి పత్రికలు వ్రాసినవి. అతడు మిగుల్చుకోదలచిన డీజిలు ఎంత, ఇతరులు పోగొట్టుకొన్నది ఎంత!

తిరుమల ఘాటులో ఒక నియమం

ఇంటిల్లిపాదితో కారులో తిరుమల పోయివచ్చినవారు మనలో ఎక్కువమంది. 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండవది ఎక్కడానికి వాడుతున్నారు. పైన చీటీ ఇచ్చి, కింద సమయం చూస్తారు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం. ఎక్కడానికైతే 28 నిమిషాలు చాలు. ఎక్కడంకంటె దిగడానికి ఎక్కువసేపు పట్టాలనడం కొందరికి వింతగా తోస్తుంది. వింత ఏమీ లేదు. ఎక్కేటప్పుడు కాలు తీస్తే బండి తానే ఆగుతుంది. దిగేటప్పుడు కాలు తీస్తే బండి తానే పరుగెత్తుతుంది. ఆ 40 నిమిషాల్లో సుమారు పందొమ్మిది కిలోమీటర్లు దిగితే గంటకు ముప్పైకి లోపు వేగం. రెండవ గేరు, అక్కడక్కడ మూడవ గేరు, అప్పుడప్పుడు బ్రేకు — ఇంతకంటె అక్కరలేదు.

కొన్ని రాష్ట్రాల మోటారు నిబంధనలలో, దిగుడు గుర్తు నాటినచోట ఇంజనును చక్రాలనుండి విడదీసి నడపరాదని స్పష్టంగానే ఉన్నది. చట్టం సంగతి అటుంచి, కొండ రోడ్లమీద పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒకటున్నది: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. సూత్రం చిన్నదే, కాని దానిలో అంతా ఉన్నది.

అసలు పొదుపు ఎక్కడ ఉన్నది?

న్యూట్రలులో లేని పొదుపు మరెక్కడ ఉన్నది? మొదటిది బరువులో. ఊటీ కొండ ఎక్కడానికి ప్రతి నూరు కిలోల బరువుకూ సుమారు పావు లీటరు పెట్రోలు పడుతుంది. డిక్కీలో ఎప్పుడో వేసి మరచిన సిమెంటు మూట, పాత బ్యాటరీ, అవసరంలేని సామాను ఇంటిదగ్గర దింపి బయలుదేరితే ఏ ప్రమాదమూ లేకుండా మిగిలే పొదుపు అది. కారు నెత్తిన కట్టిన సామాను గాలిని కూడా ఎదిరిస్తుంది.

రెండవది టైర్లలో. గాలి తగ్గిన టైరు మైదానంలోనూ కొండలోనూ పెట్రోలు తింటూనే ఉంటుంది. మూడవది కాలిలో. రెండు మలుపుల మధ్య ఉన్న కాస్త దూరానికి యాక్సిలరేటరు తొక్కి, వెంటనే మలుపు దగ్గర బ్రేకు తొక్కేవారు ఉన్నారు. డబ్బు ఇచ్చి వేగం కొని, ఆ వేగాన్ని బ్రేకుల్లో తగలబెట్టడమే అది. ముందుగానే చూసి, ముందుగానే కాలు తీసినవానికి కొండమీదనే కాదు, ఊళ్ళోనూ పొదుపు.

ఇక కొత్తగా వచ్చిన విద్యుత్ కార్లవారు అదృష్టవంతులు. దిగుడులో వాటి మోటారే డైనమో అయి, చక్రాల తిరుగుడును తిరిగి కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. ఊటీనుండి దిగేసరికి చిన్న కారుకైనా రెండు మూడు యూనిట్లు జమ పడవచ్చును. కాని బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పోసుకోవడానికి చోటు ఉండదు; మోటారు పట్టుకూడా తగ్గుతుంది. కనుక కొండపైన రాత్రి బసచేసినవారు బ్యాటరీని పూర్తిగా నింపక కొంత ఖాళీ ఉంచి దిగడం మేలు.

దిగేవారికి కొన్ని మాటలు

దిగుడు మొదలు కాకముందే గేరు తగ్గించుకోవాలి. వేగం అందుకొన్న తరువాత వెదుకులాడరాదు. నిటారు దిగుడుకు రెండవది, మరీ నిటారైతే మొదటిది. ఇంజను మోతకు భయపడవద్దు. సూచికలో ఎర్ర గీతను తాకనంతవరకు ఆ మోత ఖర్చు లేని కాపలా.

బ్రేకును అదేపనిగా తొక్కి పట్టరాదు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, బండి తగ్గగానే వదిలివేయాలి. వదిలిన ఆ కాస్త సేపే బ్రేకు చల్లారడానికి దొరికే వ్యవధి.

క్లచ్చిమీద కాలు పెట్టుకొని దిగరాదు. ఆటోమేటిక్ బండి గలవారు ‘డి’లోనే ఉంచక, ‘ఎల్’ అని గాని, ‘2’ అని గాని, ‘బి’ అని గాని ఉన్న స్థానానికి మార్చుకోవాలి. గేర్లు లేని స్కూటర్లకు తక్కువ వేగంలో ఇంజను పట్టు విడిపోతుంది గనుక, వారు మధ్యమధ్య ఆగి చల్లార్చుకొంటూ దిగాలి.

మాడువాసన వస్తే నిదానంగా విశాలమైనచోట ఆపి, గేరు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, అరగంట కూర్చోవాలి. కాగిన బ్రేకులమీద నీళ్ళు పోయరాదు, పగుళ్ళు పడవచ్చును.

ఇరుకు రోడ్డులో ఎక్కేబండికే దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టం.

చివరగా, కారు లేనివారికి కూడా ఒక మాట. యానాంలో కొండ లేదు, బరంపురం ఊళ్ళో ఘాటు లేదు. అయినా సంవత్సరానికొకసారి ఏదో గుడికో, పెండ్లికో వ్యాను మాట్లాడుకొని కొండ ఎక్కని కుటుంబం మనలో అరుదు. అటువంటి వ్యాను చాలా సార్లు డీజిలుతో సహా ఇంతకని మొత్తం మాట్లాడుకొన్నది. డ్రైవరు మిగుల్చుకొన్న డీజిలు అతని జేబుకు. కనుక ఆ పాత అలవాటుకు ఆశ తోడవుతుంది. అతడు చెడ్డవాడు కాడు. తన గురువు చెప్పినదే చేస్తున్నాడు. వెనుక సీట్లలో ఆడవారు, పిల్లలు నిద్రపోతూ ఉంటారు. ముందు సీటులో కూర్చొన్న పెద్దవారు కొండపైన టీ తాగేటప్పుడే మర్యాదగా ఒక మాట చెప్పాలి: “నాయనా, గేరులోనే నిదానంగా దింపు. తొందర లేదు. కావలిస్తే డీజిలుకు ఇంకొక నూరు రూపాయలు మేమే ఇస్తాము.”

ఆ నూరు రూపాయలు అతనికి నిజానికి అక్కరపడవు. గేరులో దిగే కొత్త బండి దిగుడులో డీజిలు అడగదు. ఆ మాట కూడా చెప్పండి. నమ్మకపోతే ముందు పలకమీది అంకె చూపించండి.